మార్స్ మీద హత్య జరిగితే గాలే సాక్షి: స్పేస్ కాలనీ మిస్టరీ నవలల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. మార్స్ మీదో చంద్రుడి మీదో మనుషులు కాలనీ కట్టుకుని బతుకుతున్నప్పుడు అక్కడో హత్య జరిగితే దాన్ని నమ్మేలా ఎలా రాయాలి, చదివేటప్పుడు ఏం గమనించాలి అని. రాస్తున్నవాళ్ళూ అడిగారు, చదివేవాళ్ళూ అడిగారు. నాకు బాగా ఇష్టమైన టాపిక్ కాబట్టి మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి జరిపి ఇవాళంతా దీనికే ఇచ్చేశా.

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్‌లో రచయిత కావాలనుకున్నప్పుడల్లా ఏదో ఒక మెషిన్ సృష్టించి కేసు తేల్చేయొచ్చు కదండీ, మరి పాఠకుడు ఊహించడానికి ఏం మిగుల్తుంది? అసలు ఈ రెండూ కలుస్తాయా?

ఈ అనుమానం చాలా పాతదండీ. 1929లో రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకి పది రూల్స్ రాశారు, అందులో ఒకటేంటంటే అప్పటిదాకా ఎవరికీ తెలియని విషం వాడకూడదు, చివర్లో పొడుగ్గా సైన్స్ పాఠం చెప్పాల్సొచ్చే పరికరం కూడా వాడకూడదు. ఆ లెక్కన సైన్స్ ఫిక్షన్‌కి దారి మూసేసినట్టే. జాన్ క్యాంప్‌బెల్ అనే పేరున్న ఎడిటర్ కూడా ఈ రెండూ కలవవనే అనేవారు, అది తప్పని చూపించడానికే ఐజాక్ అసిమోవ్ ఓ నవల రాశారు, 1954లో పుస్తకంగా వచ్చింది. ఆయన చేసింది ఏంటంటే తన ప్రపంచంలో ఏది కుదురుతుంది ఏది కుదరదు అన్నది ముందే పాఠకుడి చేతిలో పెట్టేశారు, ఆ తర్వాతే కేసు నడిపారు.

రియలిస్టిక్ స్పేస్ నవలకి ఇంకో బలం ఉంది, రూల్స్ రచయితవి కావు, ఫిజిక్స్‌వి. మార్స్ గ్రావిటీ మన దాంట్లో 0.38 వంతు అంటే అంతే, కథకి అడ్డమొచ్చిందని పేజీ 200లో మార్చలేం. పాఠకుడు పక్కన కాగితం పెట్టుకుని లెక్కేసి డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి పట్టుకోవచ్చు. ఇంత ఫెయిర్‌గా ఆడే ఆట మామూలు క్రైమ్ నవలల్లో కూడా తక్కువే దొరుకుతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: నేనో నవల రాస్తున్నాను. మార్స్ మీద 150 మంది ఉండే కాలనీ, గ్రీన్‌హౌస్‌లో 4 మీటర్ల నిచ్చెన కింద ఒక ఇంజనీర్ చనిపోయి కనిపిస్తాడు. అందరూ జారి పడ్డాడనుకుంటారు. డిటెక్టివ్‌కి అనుమానం మొదట ఎక్కడ రావాలి?

నిచ్చెన దగ్గరే రావాలండీ, మీకు తెలిసి రాశారో తెలియక రాశారో గానీ బంగారం లాంటి క్లూ పెట్టుకున్నారు. మార్స్ మీద 4 మీటర్ల నుంచి పడితే తగిలే దెబ్బ భూమ్మీద సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి పడ్డ దాంతో సమానం. పైగా కింద పడటానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది, భూమ్మీద అయితే 0.9 సెకనే, అంటే కంగారులో కూడా చెయ్యి చాపి నిచ్చెన మెట్టు పట్టుకోవడానికి టైమ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్న మనిషి, రోజూ ఆ నిచ్చెన ఎక్కి దిగే మనిషి, అంత నెమ్మదిగా పడి పుర్రె పగలగొట్టుకున్నాడంటే డాక్టర్ నమ్మకూడదు.

కానీ అక్కడితో తేల్చేయకండి, అవతలి వాదన కూడా గట్టిగా ఉండాలి. భారరహిత స్థితిలో సరైన వ్యాయామం లేకపోతే నడుము, తుంటి ఎముకల్లో నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత తగ్గుతుంది, భూమి నుంచి మార్స్‌కి ప్రయాణమే ఆరేడు నెలలు. చనిపోయినాయన ఈమధ్యే వచ్చిన బ్యాచ్‌లోవాడైతే ఎముకలు బలహీనంగా ఉండొచ్చు, నిజంగానే యాక్సిడెంట్ అయ్యుండొచ్చు. కాబట్టి డిటెక్టివ్ తెప్పించుకోవాల్సిన మొదటి కాగితం ఆయన ఎముకల స్కాన్ రిపోర్ట్. అందులో తుంటి ఎముక బలహీనంగా ఉండి విరిగింది మాత్రం పుర్రె అని తేలితే చూడండి, సీన్ ఎంత బాగా పండుతుందో.

ఇంకోటి, రక్తం చుక్కలు. అదే వేగంతో చిమ్మిన చుక్క మార్స్ మీద దాదాపు 2.6 రెట్లు దూరం వెళ్తుంది, చంద్రుడి మీదైతే ఆరు రెట్లు. భూమ్మీద ట్రైనింగ్ అయిన మనిషి గోడ మీద మరకలు చూసి దెబ్బ చాలా బలంగా కొట్టారు అని తేలుస్తాడు, అది తప్పవుతుంది. నవల మధ్యలో ఒక అమాయకుడి మీద అనుమానం పడాలంటే ఈ పొరపాటు చాలు, అబద్ధపు సాక్ష్యం సృష్టించక్కర్లేదు.

ప్రశ్న: కాలనీ అంటే అడుగడుగునా కెమెరాలు, సెన్సార్లు ఉంటాయి కదా. ప్రతిదీ రికార్డ్ అవుతుంటే హంతకుడు ఎలా దాక్కుంటాడు, డిటెక్టివ్‌కి చేసే పనేముంటుంది?

నన్ను అడిగితే ఈ జానర్‌కి గుండెకాయ ఈ ప్రశ్నే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

కెమెరాల సంగతి పక్కన పెట్టండి, కెమెరాని ఆపొచ్చు, ఫుటేజ్ చెరిపేయొచ్చు, చదివేవాడికి కూడా అది పాత ట్రిక్కే. కాలనీలో అసలైన సాక్షి గాలి. మనిషి రోజుకి సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ పీలుస్తాడు, దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. అంటే గంటకి సుమారు 20 లీటర్లు. ఇప్పుడు 10 ఘనపు మీటర్ల చిన్న గది తీసుకోండి, వెంటిలేషన్ ఆగిపోయిందనుకోండి, ఒక్క మనిషి ఉంటే గంటలో కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతం పెరుగుతుంది, ఇద్దరుంటే 0.4. డోర్ లాగ్ ప్రకారం ఆ రాత్రి ఆ గదిలో చనిపోయినాయన ఒక్కడే ఉన్నాడు, కెమెరా కూడా అదే అంటోంది, కానీ గాలి మాత్రం రెండింతలు పాడైంది. అంటే లోపల ఇంకెవరో ఊపిరి పీల్చారు! హంతకుడు గ్లవ్స్ వేసుకోవచ్చు, మొహానికి మాస్క్ పెట్టుకోవచ్చు, ఊపిరి పీల్చకుండా గంటసేపు ఎలా ఉంటాడు?

దీనికి అడ్డు చెప్పడానికి కూడా దారులున్నాయి, మంచి హంతకుడికి అవన్నీ తెలిసుంటాయి. సొంత ఆక్సిజన్ సిలిండర్, రీబ్రీదర్ (వదిలిన గాలినే శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకోనిచ్చే పరికరం) తెచ్చుకుంటాడు. అప్పుడు స్టోర్‌లో ఒక స్క్రబ్బర్ క్యాట్రిడ్జ్, అంటే గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసే డబ్బా, వాడినట్టు కనబడాలి. అదీ దాచేశాడనుకుందాం, చెమట, ఊపిరిలో తేమ ఎక్కడికి పోతాయి? భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2023 నాటికి నీళ్ళని 98 శాతం దాకా తిరిగి వాడుకోగలిగారు, చెమట, మూత్రం, గాల్లో తేమ అన్నీ కలిపి. కాలనీలో కూడా అలాంటి సిస్టమే ఉంటుంది, దాంట్లోకి ఎంత వచ్చింది ఎంత పోయింది అన్నది ఎవరో ఒకరు రోజూ టాలీ చేస్తూనే ఉంటారు, ఎందుకంటే అది తేడా వస్తే అందరూ పోతారు. ఒక లాగ్ మార్చడం తేలికే, కానీ ఆక్సిజన్ లాగ్, నీటి లాగ్, కరెంట్ లాగ్, స్క్రబ్బర్ లాగ్ నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోయేలా మార్చాలంటే ఆ నాలుగు సిస్టమ్స్ తెలిసినవాడే అయ్యుండాలి. అలా నిందితుల లిస్ట్ 150 నుంచి ముగ్గురికి దిగొచ్చేస్తుంది.

ఇది వట్టి ఊహ అనుకోకండి, ఇలాంటి కేసు నిజంగా జరిగింది, హత్య మాత్రం లేదు. 1991లో అమెరికాలోని ఆరిజోనాలో బయోస్ఫియర్ 2 అని గాలి కూడా చొరబడనంత మూసేసిన పెద్ద గాజు కట్టడంలోకి ఎనిమిది మంది రెండేళ్ళు ఉండటానికి వెళ్ళారు. లోపల పొలం, అడవి, చిన్న సముద్రం అన్నీ ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది, మామూలుగా ఉండే 20.9 శాతం నుంచి 16 నెలల్లో 14.2కి పడిపోయింది, ఎత్తైన కొండల మీద ఉన్నట్టు జనం ఆయాసపడ్డారు, నిద్ర పట్టేది కాదు, చివరికి 1993 జనవరిలో బయట్నుంచి ఆక్సిజన్ పంపాల్సొచ్చింది. మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ తింటున్నాయని ఊహించారు, సరే, కానీ అవి తింటే అంతే కార్బన్ డయాక్సైడ్ బయటికి రావాలి కదా, అది కనబడట్లేదు! మాయమైన గాలి ఎక్కడికి పోయింది? లోపలి కాంక్రీట్ ముక్కల్ని బయటి కాంక్రీట్ ముక్కలతో పోల్చి చూస్తే దొరికింది. కొత్త కాంక్రీట్‌లోని కాల్షియం ఆ కార్బన్ డయాక్సైడ్‌ని పట్టేసి కాల్షియం కార్బనేట్‌గా మార్చుకుంది. గోడలే తినేశాయి.

ఈ వరస గమనించండి, లెక్క తప్పింది, మొదటి అనుమానితుడు దొరికాడు, కానీ వాడితో కథ పూర్తి కాలేదు, కళ్ళెదుటే ఉండి ఎవరూ పట్టించుకోని రెండో వాడు బయటపడ్డాడు. డిటెక్టివ్ నవలకి ఇంతకంటే మంచి నడక నాకు తెలియదు. మీ నవలలో డిటెక్టివ్‌ని మాజీ పోలీసుగా కాకుండా రోజూ గాలి లెక్కలు చూసే టెక్నీషియన్‌గా పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ మనిషికి ఎవరూ చెప్పకముందే, శవం దొరక్కముందే, పొద్దున్నే టేబుల్ చూడగానే ఏదో తేడా కొడుతుంది. నిన్న రాత్రి ఒక మనిషి తగ్గాడు అని అంకెలే చెప్తాయి.

ఇంకో చిన్న సాక్షి, డోసిమీటర్. రేడియేషన్ ఎంత తగిలిందో కొలవడానికి ఒంటి మీద పెట్టుకునేది. క్యూరియాసిటీ రోవర్ కొలతల ప్రకారం మార్స్ నేల మీద రోజుకి సుమారు 0.7 మిల్లీసీవర్ట్ తగుల్తుంది, మట్టి కప్పిన ఇంట్లో దానికన్నా బాగా తక్కువ. రాత్రంతా నా గదిలోనే నిద్రపోయాను అన్నవాడి డోసిమీటర్ బయట తిరిగిన అంకె చూపిస్తే అలిబీ అక్కడే కుప్పకూలుతుంది.

ప్రశ్న: ఎయిర్‌లాక్ (కాలనీ నుంచి బయటికెళ్ళే రెండు తలుపుల గది) తలుపు తెరిచి మనిషిని బయటికి తోసెయ్యడం, వాడు బుడగలా పేలిపోవడం, ఇవి రాస్తే ఏమవుతుంది?

రాయకండి, కుదరదు. కాలనీ లోపల మామూలు భూమి పీడనం ఉంటే ఒక చదరపు మీటరు తలుపు మీద దాదాపు 10 టన్నుల బలం ఉంటుంది. లోపలికి తెరుచుకునే తలుపైతే ఆ ఒత్తిడే దాన్ని నొక్కి పట్టుకుంటుంది, ఎంత కోపంలో ఉన్నా ఎవరూ లాగలేరు. ముందు పంపు పెట్టి గాలి తీసెయ్యాలి, దానికి నిమిషాలు పడుతుంది, అదంతా రికార్డ్ అవుతుంది.

మనిషి పేలిపోడు కూడా. 1966లో నాసా వాక్యూమ్ చాంబర్‌లో సూట్ టెస్ట్ చేస్తుంటే ఒక టెక్నీషియన్ సూట్‌కి గాలి పంపే ట్యూబ్ ఊడిపోయింది. 14 సెకన్లలో స్పృహ పోయింది, ఆఖరుగా గుర్తున్నది నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టి మరిగినట్టు అనిపించడం అని ఆయనే చెప్పారు. వెంటనే చాంబర్‌లోకి గాలి నింపారు, బతికి బయటపడ్డారు. ఆ పదీ పదిహేను సెకన్లు చాలు మీకు, చనిపోతున్నవాడు ఏదైనా ఒక పని చెయ్యగలడు, ఒక స్విచ్ నొక్కగలడు, ఒక వస్తువు జేబులో దాచగలడు. దాన్నే క్లూ చేసుకోండి.

నిశ్శబ్దంగా చంపే పద్ధతి కావాలంటే డీకంప్రెషన్ సిక్‌నెస్ చూడండి. ఇప్పటి స్పేస్ సూట్లలో పీడనం మామూలు దాంట్లో మూడో వంతు కంటే తక్కువే ఉంటుంది, అందుకే బయటికి వెళ్ళేముందు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి ఒంట్లోని నైట్రోజన్‌ని బయటికి పంపేస్తారు. ఆ సిలిండర్‌లో ఎవరైనా మామూలు గాలి కలిపితే? బయటికెళ్ళాక నైట్రోజన్ రక్తంలో బుడగలు కడుతుంది, కీళ్ళ నొప్పులు, ఆ తర్వాత పక్షవాతం, ప్రాణాలు కూడా పోవచ్చు. ఆ టైమ్‌కి హంతకుడు పదిమంది మధ్యలో కూర్చుని ఉంటాడు.

ప్రశ్న: మార్స్ మీద పోలీసులు ఎవరు? ఏ దేశం చట్టం నడుస్తుంది?

1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడూ గ్రహాలూ ఏ దేశానికీ సొంతం కావు, కానీ ఎనిమిదో ఆర్టికల్ ప్రకారం ఒక దేశం రిజిస్టర్ చేసిన వాహనం మీదా అందులోని మనుషుల మీదా అధికారం ఆ దేశానిదే. 1998లో అంతరిక్ష కేంద్రం దేశాలు చేసుకున్న ఒప్పందంలో ఇంకో పద్ధతి, అక్కడ నేరం చేస్తే ప్రధానంగా నేరస్తుడి సొంత దేశమే విచారిస్తుంది. ఇప్పుడు మీ కాలనీలో ఒక దేశం కట్టిన గదిలో, రెండో దేశం మనిషి, మూడో దేశం మనిషిని, ఒక ప్రైవేట్ కంపెనీ పనిలో ఉండగా చంపాడనుకోండి. ఎవరొస్తారు? రావడానికి కూడా 26 నెలలకోసారే మంచి లాంచ్ విండో, అంటే రాకెట్ బయల్దేరడానికి అనువైన సమయం.

భూమ్మీదే ఇలాంటివి రెండు జరిగాయి, ఈ జానర్ రాసేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 1970 జులైలో ఆర్కిటిక్ సముద్రంలో తేలుతున్న టీ-3 అనే మంచు దీవి మీద, అమెరికా పరిశోధన కేంద్రంలో, ఇంట్లో చేసుకున్న కిస్‌మిస్ వైన్ జాడీ గురించి గొడవ జరిగి ఒకాయన తుపాకీ గుండు తగిలి చనిపోయారు. ఆ దీవి ఏ దేశపు నేలా కాదు, ఓడా కాదు, కరిగిపోయే మంచు. నిందితుణ్ణి వర్జీనియా కోర్టుకి తెచ్చారు, కానీ అసలు ఈ కేసు విచారించే హక్కు మాకుందా అన్న దాని మీద అప్పీల్ కోర్టు జడ్జిలు సగం సగం చీలిపోయారు. మళ్ళీ విచారణ జరిగి ఆయన నిర్దోషిగా బయటికొచ్చారు.

రెండోది 2000 మే, దక్షిణ ధ్రువం దగ్గర అమెరికా స్టేషన్. ఒక ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రవేత్త ఒంట్లో బాలేక డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఒకటిన్నర రోజులో చనిపోయారు. చలికాలం, విమానాలు రావు. శరీరాన్ని ఆ చలిలోనే భద్రపరిచి అక్టోబర్ చివర్లో న్యూజిలాండ్‌కి తెచ్చి పోస్ట్‌మార్టమ్ చేస్తే మెథనాల్ విషం అని తేలింది. అప్పటికి ఐదు నెలలు దాటిపోయింది. ఆయన గది, ఆయన వాడిన వస్తువులు ఏ పోలీసూ చూడలేదు. ఆ మెథనాల్ ఒంట్లోకి ఎలా వెళ్ళిందన్నది తేలనే లేదు. నాకు ఇందులో భయం వేసేది విషం కాదు, మిగతావాళ్ళంతా అన్ని నెలలు, ఏం జరిగిందో తెలియకుండా, ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తూ గడపడం. స్పేస్ కాలనీ మిస్టరీలో టెన్షన్ అక్కడ పుడుతుంది, లేజర్ తుపాకుల్లో కాదు.

ప్రశ్న: డిటెక్టివ్ భూమ్మీద ఎక్స్‌పర్ట్‌కి వీడియో కాల్ చేసి మాట్లాడొచ్చా?

చంద్రుడి మీద నుంచైతే ఓకే, వైపుకి 1.3 సెకన్లే ఆలస్యం. మార్స్ నుంచి కుదరదు, మాట వెళ్ళడానికే 3 నుంచి 22 నిమిషాలు. పైగా దాదాపు 26 నెలలకోసారి సూర్యుడు మధ్యలోకొచ్చి రెండు వారాల పాటు సంబంధాలు సరిగా ఉండవు, మార్స్ మీదున్న రోవర్లకి ఆ రోజుల్లో ఆదేశాలు పంపరు. మీ హత్య ఆ రెండు వారాల మొదటి రోజున పెట్టండి.

ప్రశ్న: డబ్బు, ఆస్తి, అక్రమ సంబంధం కాకుండా కాలనీలోనే పుట్టే మోటివ్ ఏముంటుంది?

భూమి తగాదా తీసెయ్యండి, ఒప్పందం ప్రకారం నేల ఎవరిదీ కాదు. అసూయ, ప్రేమ ఎక్కడైనా ఉంటాయి, కానీ అవే పెడితే మార్స్ ఎందుకు, ఏ ఊళ్ళోనైనా జరపొచ్చు ఆ కథ.

నాకు తోచిన గట్టి మోటివ్ ఒకటి చెప్తా. మార్స్ మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాలున్నాయి, 2008లో ఫీనిక్స్ ల్యాండర్ కనిపెట్టింది, అవి ఒంట్లోకి చేరితే థైరాయిడ్ పని దెబ్బతింటుంది. గ్రీన్‌హౌస్‌లో వాడే మట్టిని కడిగి శుభ్రం చేస్తారు, ఒకామె టెస్ట్ చేసి చూస్తే అది సరిగా పోవట్లేదని, పిల్లల రక్తంలో తేడా కనబడుతోందని తెలిసింది. రిపోర్ట్ సంతకం చేసి పంపితే కాలనీ ఖాళీ చెయ్యాలి. ఇరవై ఏళ్ళు దానికోసమే బతికిన మనుషులున్నారు, తిరిగెళ్తే భూమి గ్రావిటీకి తట్టుకోలేని వాళ్ళున్నారు, అక్కడే పుట్టినవాళ్ళున్నారు. ఆమెని ఎవరు చంపారు అని కాదు, చంపాలని లేనివాళ్ళు ఎవరున్నారు అని డిటెక్టివ్ వెతుక్కోవాల్సొస్తుంది. వాళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కాకపోవడమే ఆ నవలకి బలం.

తిరుగు ప్రయాణంలో సీటు కూడా మంచి మోటివే. సీట్లు తక్కువ, లిస్ట్ ముందే ఖరారు, మళ్ళీ 26 నెలల దాకా ఇంకోటి లేదు.

ప్రశ్న: చంద్రుడా, మార్సా? ఏది పెడితే మిస్టరీకి మంచిది?

క్లూల కోసమైతే చంద్రుడు. గాలి లేదు కాబట్టి అడుగుజాడలు అలాగే ఉండిపోతాయి. ఎవరు ఎటు నడిచారో నేల దాచుకుంటుంది, కాకపోతే జనం తిరిగే చోట జాడ మీద జాడ పడి ఏది ఎప్పటిదో చెప్పలేం, అది డిటెక్టివ్‌కి పని కల్పిస్తుంది. అక్కడి దుమ్ముకి గాలి అరగదీత లేదు, గాజు పెంకుల్లా పదునుగా ఉంటుంది, సూట్‌కి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. అపోలో వాళ్ళు లోపలికొచ్చి హెల్మెట్ తీశాక కాల్చిన తుపాకీ మందు వాసన వచ్చిందన్నారు, 1972లో అపోలో 17లో హారిసన్ ష్మిట్‌కి ఆ దుమ్ముతో ముక్కు పట్టేసింది కూడా. నేను బయటికే వెళ్ళలేదు అన్నవాడు తుమ్ముతుంటే చాలదా!

ఒంటరితనం కోసమైతే మార్స్. చంద్రుడి నుంచి మూడు రోజుల్లో ఇంటికి రావొచ్చు, అందుకే అక్కడ కథ బిగుతు తగ్గుతుంది. నేనైతే మార్స్‌కే ఓటేస్తా.

ప్రశ్న: అంతరిక్షంలో నిజంగా ఇప్పటిదాకా తేలని కేసు ఏదైనా ఉందా?

ఉంది. 2018 ఆగస్టు 29 రాత్రి అంతరిక్ష కేంద్రంలో గాలి పీడనం కొద్దికొద్దిగా తగ్గడం మొదలైంది. ప్రమాదం లేదని భూమ్మీద వాళ్ళు సిబ్బందిని నిద్ర లేపలేదు. పొద్దున్నే ఒక్కో గదినీ మూసుకుంటూ వెతికితే, స్టేషన్‌కి తగిలించి ఉన్న రష్యా సోయుజ్ వాహనంలో 2 మిల్లీమీటర్ల రంధ్రం కనబడింది. ఉల్క దెబ్బ అనుకున్నారు ముందు. దగ్గరగా చూస్తే డ్రిల్‌తో చేసినట్టుంది, పక్కన డ్రిల్ మొన జారిన గీతలు కూడా ఉన్నాయి. ఎపాక్సీలో ముంచిన గుడ్డతో మూసేశారు. డిసెంబర్‌లో ఇద్దరు రష్యన్ వ్యోమగాములు బయటికెళ్ళి పైనున్న ఇన్సులేషన్‌ని కత్తితో, కత్తెరతో కోసి అవతలి వైపు నుంచి కూడా చూసి శాంపిల్స్ తెచ్చారు. ఫ్యాక్టరీలో జరిగిందా, పైన జరిగిందా, ఎవరు చేశారు అన్నది బహిరంగంగా ఇప్పటికీ తేల్చి చెప్పలేదు.

ఇందులో రచయితలు గమనించాల్సిన ముక్క ఒకటుంది. ఆ రంధ్రం ఉన్న భాగం భూమికి తిరిగొచ్చేది కాదు, దిగేటప్పుడు విడిపోయి వాతావరణంలో కాలిపోతుంది. అలాగే కాలిపోయింది. నేరం జరిగిన గది మొత్తం షెడ్యూల్ ప్రకారం బూడిదైపోయే కేసు, దానికి తేదీ ముందే తెలుసు, డిటెక్టివ్ ఆ తేదీలోపే చూడాలి. నవలకి గడియారం కావాలంటే ఇదిగో.

ప్రశ్న: నాకు సైన్స్ అంతగా రాదు, ఇలాంటి నవలలు చదవగలనా?

హాయిగా చదవండి. సైన్స్ అర్థం కాకపోతే ఎక్కువసార్లు తప్పు రచయితదే. నిచ్చెన గ్రావిటీ సంగతి మొదటి చాప్టర్‌లో ఒక పాప సరదాగా పైనుంచి దూకి నవ్వుకుంటూ లేచినప్పుడే మీకు చూపించేసి ఉండాలి.

ప్రశ్న: హంతకుడు దొరికాడు. ఆ తర్వాత? జైలు లేని చోట నవల ఎలా ముగించాలి?

చాలామంది అరెస్ట్ దగ్గర ఆపేస్తారు, నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే కాలనీ కథలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. గాలి లెక్కలతో పట్టుబడ్డాడంటే హంతకుడు గాలి సిస్టమ్ తెలిసిన ముగ్గురిలో ఒకడు, అంటే అతన్ని గదిలో పెట్టి తాళం వేస్తే మిగతా ఇద్దరి మీద 150 మంది ప్రాణాలు ఆధారపడతాయి. ఆ ఇద్దరిలో ఒకరికి జబ్బు చేసినా అతన్నే పిలవాలి. భూమికి పంపాలంటే 26 నెలలు ఆగాలి, పంపితే ఒక మంచి ఇంజనీర్ తగ్గుతాడు, పైగా ఎవరికో దక్కాల్సిన సీటు అతనికిచ్చినట్టవుతుంది, ఆ సీటు కోసం ఎదురుచూస్తున్న జబ్బు మనిషి ఉంటే ఆ కుటుంబం ఊరుకుంటుందా? ఏ దేశం చట్టం అని తేలేలోపు అతనికి అన్నం పెట్టాలి, గాలి ఇవ్వాలి, రోజుకి ఆ 0.84 కిలోల ఆక్సిజన్ అతని వాటాగా లెక్కలో రాయాలి. రాసేది మీ డిటెక్టివే కదా, టెక్నీషియన్‌గా అది ఆ మనిషి పని. కాలనీ మీటింగ్ పెట్టి ఓటింగ్ జరిపితే ఎవరు ఏమంటారు, చనిపోయినాయన భార్య ఏమంటుంది, అతన్ని షిఫ్ట్‌లోకి తీసుకోవాలా వద్దా, తీసుకుంటే పక్కన ఎవరు నిలబడతారు, ఇవన్నీ రాయండి. కనీసం మూడు చాప్టర్లు దీనికి ఉంచుకోండి, కేసు తేలే చాప్టర్‌ని కాస్త ముందుకి జరిపినా పర్లేదు.